పొద్దున టిఫిన్‌కి కాఫీ స్మూతీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇడ్లీ పిండి అయిపోయిన రోజు, పొద్దున్నే బస్సు అందుకోవాల్సిన రోజు, ఎండాకాలంలో పొయ్యి దగ్గర నిలబడబుద్ధి కాని రోజు కాఫీ స్మూతీ బాగా అక్కరకొస్తుంది. కాఫీ, పాలు, అరటిపండు, కాసిన్ని ఓట్సో అటుకులో ఉంటే చాలు. అయితే దీని రుచంతా కాఫీ చిక్కదనంలోనే ఉంది. పలచటి కాఫీ పోస్తే అరటిపండు మిల్క్‌షేక్ వస్తుంది తప్ప కాఫీ స్మూతీ రాదు. ముందు రోజు రాత్రి డికాక్షన్ వేసి, అరటి ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టుకుంటే పొద్దున పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఈ జవాబులన్నీ మామూలు ఇంటి మిక్సీని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఒకరికి ఎంతెంత కావాలి?

బాగా పండిన అరటిపండు ఒకటి (తొక్క తీశాక 100 గ్రాములు), కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు 150 మిల్లీలీటర్లు, చల్లటి చిక్కటి డికాక్షన్ 50 మిల్లీలీటర్లు, ఓట్స్ రెండు టేబుల్ స్పూన్లు, గింజ తీసిన ఖర్జూరం ఒకటి లేదా రెండు, చిటికెడు ఉప్పు. అరటి ముక్కలు గడ్డకట్టినవైతే ఐసు అక్కర్లేదు. ఇవన్నీ కలిపి తిప్పితే పెద్ద గ్లాసు నిండా, అంటే సుమారు 300 నుంచి 350 మిల్లీలీటర్లు వస్తుంది.

ఉప్పు మానేయొద్దు. నాలుక మీద చేదును అణిచేది అదే. చిటికెడు అంటే చిటికెడే, ఉప్పు తెలియకూడదు.

మిక్సీలో ఏది ముందు, ఏది తర్వాత?

ముందు ఓట్స్, ఖర్జూరం, సగం పాలు వేసి 5 నిమిషాలు నాననివ్వండి. ఈలోగా ఫ్రీజర్‌లోంచి అరటి ముక్కలు బయట పెడితే అవి కూడా కాస్త మెత్తబడతాయి. నానిన ఓట్స్‌ని 20 సెకన్లు తిప్పండి. తర్వాత మిగతా పాలు, డికాక్షన్, ఉప్పు, చివరగా అరటి ముక్కలు వేసి, మీటను ఎడమవైపు పల్స్‌కి మూడు నాలుగు సార్లు తిప్పి వదిలి, ఆపైన రెండో స్పీడులో 30 నుంచి 40 సెకన్లు తిప్పితే సరిపోతుంది.

అన్నీ ఒకేసారి పడేస్తే ఏమవుతుందంటే, అరటి మెత్తబడి గుజ్జయిపోతుంది, ఖర్జూరం తొక్కలు, ఓట్స్ పలుకులు మాత్రం అందులో తేలుతూ మిగిలిపోతాయి. వాటికోసం ఇంకా తిప్పితే గాలి చేరి నురగ ఎక్కువవుతుంది, స్మూతీ వేడెక్కుతుంది.

డికాక్షన్ ఎంత చిక్కగా ఉండాలి? ఎలా వేయాలి?

ఇంట్లో రోజూ వేసుకునే దానికన్నా చిక్కగా ఉండాలి. చల్లదనం రుచినీ వాసననీ తగ్గిస్తుంది. అరటి, ఓట్స్ కూడా కాఫీని కప్పేస్తాయి. వేడి కాఫీకి సరిపోయే డికాక్షన్ ఇక్కడ ఎటూ చాలదు.

స్టీలు ఫిల్టర్ పై గిన్నెలో 20 గ్రాముల కాఫీ పొడి వేయండి. ఇది సుమారు మూడు టేబుల్ స్పూన్లు, కొంచెం గోపురంగా. గిన్నె పక్కలు ఒకసారి తట్టి పొడిని సమంగా సర్ది, గొడుగు లాంటి బిళ్ళను దాని మీద తేలిగ్గా ఆనించండి. గట్టిగా అదమొద్దు, చుక్క దిగదు. మరిగిన నీళ్ళు పొయ్యి దించి అర నిమిషం ఆగి, మొదట పొడి తడిసేంత పోయండి. అది కాస్త ఉబ్బాక మిగతావి పోయండి. మొత్తం 120 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పట్టేసుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 80 మిల్లీలీటర్ల చిల్లర. అంటే ఒకరికి 50 పోను, రెండోవాళ్ళకి తక్కువ పడుతుంది. ఇద్దరికీ నిండుగా కావాలంటే 25 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్ళు వేసుకోండి.

రాత్రి భోజనాలయ్యాక వేసి, గంటలో దిగిపోయాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దునకి సిద్ధం. రెండు రోజుల వరకు బాగుంటుంది. ఆ తర్వాత చెడిపోకపోయినా వాసన పోతుంది. అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోసి తీసిన డికాక్షన్ స్మూతీకి పనికిరాదు. అందులో రంగు, చేదు తప్ప ఇంకేమీ మిగలదు. దిగిన డికాక్షన్‌ని పొయ్యి మీద మళ్ళీ మరిగించినా అంతే.

నీళ్ళు దిగడం లేదు, లేదా గబగబా దిగిపోతున్నాయి. ఎందుకని?

పొడి మరీ మెత్తనైనా, బిళ్ళతో గట్టిగా అదిమినా, అడుగు చిల్లులు పాత పొడితో పూడుకుపోయినా దిగదు. చిల్లులున్న గిన్నెను వెలుతురుకెదురుగా పట్టుకుని చూడండి. మూసుకుపోయినవి తెలుస్తాయి. నీళ్ళలో మరిగించి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే తెరుచుకుంటాయి. గబగబా దిగిందంటే పొడి గరుకుగా ఉన్నట్టు, లేదా వేసింది తక్కువైనట్టు.

ఫిల్టర్ లేదు. ఇన్‌స్టంట్ పొడి పనికొస్తుందా?

నిక్షేపంగా. రెండు టీస్పూన్లు, చదునుగా కొలిచి, అంటే సుమారు 3 గ్రాములు తీసుకోండి. పొడిని నేరుగా చల్లటి పాలలో వేయొద్దు. ఉండలు కట్టి జార్ గోడలకి అంటుకుంటుంది, తాగేటప్పుడు నాలుకకి చేదు ముద్దలు తగులుతాయి. రెండు టేబుల్ స్పూన్ల వేడి నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఒక ఐసు ముక్క వేసి చల్లార్చి అప్పుడు కలపండి. ఫిల్టర్ డికాక్షన్ వాసన దీనికి రాదు. దాన్ని దాల్చినచెక్క పొడితోనో యాలకులతోనో కొంత భర్తీ చేయొచ్చు.

చికోరీ ఉన్న పొడి మంచిదా, లేనిదా?

స్మూతీ వరకు చికోరీ కాస్త ఉన్న పొడికే మా ఓటు. చికోరీ వల్ల డికాక్షన్ చిక్కగా, ముదురుగా దిగుతుంది. పాలలో, అరటిలో కలిసినా నిలబడుతుంది. 15 నుంచి 30 శాతం వరకు బాగుంటుంది. మన దేశ నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత శాతమో ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. కొనేముందు ఆ అంకె చూడండి. చికోరీలో కెఫీన్ ఉండదు.

చికోరీ లేని అరకు కాఫీ వాడేవాళ్ళు పొడిని 20 నుంచి 25 గ్రాములకి పెంచుకోండి, నీళ్ళు అంతే ఉంచండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ కాఫీ అరబికా రకం. రుచి సున్నితంగా, కొంచెం పుల్లదనంతో ఉంటుంది. పొడి తక్కువైతే అరటిపండు దాన్ని పూర్తిగా మింగేస్తుంది. అంత మంచి కాఫీని స్మూతీలో పోయడం కన్నా వేడిగా తాగడమే న్యాయమని కూడా చెప్పాలి.

టైం లేదు, వేడి డికాక్షనే పోసి తిప్పేయొచ్చా?

వద్దు. మూత బిగించిన జార్‌లో వేడి ద్రవాన్ని తిప్పితే ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూత ఎగిరిపడుతుంది, చేతులు ముఖం కాలతాయి. రుచి పరంగానూ నష్టమే. గడ్డకట్టిన అరటి కరిగి స్మూతీ గోరువెచ్చగా, పలచగా తయారవుతుంది. పాలు నిన్నటివై కాస్త పులుపు తిరిగి ఉంటే, వేడి కాఫీ తగలగానే విరిగే ప్రమాదం కూడా ఉంది. అప్పటికప్పుడు చల్లార్చాలంటే డికాక్షన్ గిన్నెను ఐసు నీళ్ళున్న పళ్ళెంలో పెట్టి కలుపుతూ ఉండండి, మూడు నాలుగు నిమిషాల్లో చల్లబడుతుంది.

ఏ అరటిపండు వేయాలి?

తోపుడు బండ్ల మీద ఎక్కువగా దొరికే పొడుగాటి పచ్చ అరటి బాగుంటుంది. గుజ్జు ఎక్కువ, పులుపు ఉండదు. చక్కెరకేళి ఇంకా తీయన, కాకపోతే కాయ చిన్నదైతే రెండు కావాలి, అప్పుడు ఖర్జూరం మానేయండి. అమృతపాణి వాసన ఘుమఘుమలాడుతుంది గానీ లోపల చిరు పులుపు ఉంటుంది. కర్పూరం కూడా అంతే. కాఫీకి పులుపు పడదు కాబట్టి వీటిని మిగలపండినప్పుడు మాత్రమే వాడండి.

ఏ రకమైనా తొక్క మీద గోధుమరంగు మచ్చలు పడ్డాకే వేయాలి. అప్పటికి పిండిపదార్థం చక్కెరగా మారి ఉంటుంది. దోరపండు వగరు, కాఫీ చేదు కలిస్తే ఎంత తీపి వేసినా సర్దుకోదు.

ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు తొక్క తీసి, వేలి మందాన చక్రాలుగా కోసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి రెండు గంటలు ఉంచండి. గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకోండి. నెల రోజుల వరకు వాడుకోవచ్చు. తొక్కతో పెడితే నల్లబడి, ఒలవడానికే పది నిమిషాలు పడుతుంది. ముక్కలు చేయకుండా పెట్టిన అరటి రాయిలా మారి బ్లేడుకి అడ్డం పడుతుంది.

అరటిపండు పడదు. బదులుగా ఏం వేయొచ్చు?

సపోటా. కాఫీతో సపోటాకున్న జత అరటికి కూడా లేదనిపిస్తుంది. బాగా పండిన మధ్యరకం సపోటాలు రెండు, తొక్క, గింజలు తీసి వేయండి, తీపి వేరే అక్కర్లేదు. గింజ ఒక్కటి మిగిలిపోయినా బ్లేడు కింద పడి స్మూతీ అంతా చేదెక్కుతుంది, లెక్కపెట్టి తీయండి. ఉడికించి చల్లార్చిన చిలగడదుంప 80 గ్రాములు కూడా చక్కటి చిక్కదనం ఇస్తుంది.

బత్తాయి, కమలా, ద్రాక్ష, అనాస వద్దు. పులుపు పాలను విరగ్గొడుతుంది. బొప్పాయి, అనాసల్లో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైములు ఉంటాయి. పాలతో కలిపి కాసేపు ఉంచితే చేదు వస్తుంది.

ఐసు వేయాలా?

మామూలు ఐసు ముక్క ఒక్కోటి 15 నుంచి 20 మిల్లీలీటర్ల నీళ్ళు. నాలుగు వేస్తే ఇంచుమించు 70 మిల్లీలీటర్ల నీళ్ళు పోసినట్టే. చిక్కటి డికాక్షన్ వేసిన కష్టమంతా అక్కడ పోతుంది. మిగిలిన డికాక్షన్‌ని ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి. మూడు ముక్కలు వేస్తే ఒకరికి సరిపడా కాఫీ, చల్లదనం రెండూ వచ్చేస్తాయి. వారానికి సరిపడా ఒకేసారి చేసుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా సుళువైన దారి లేదు. మూతున్న ట్రే వాడండి, లేకపోతే ఫ్రీజర్‌లోని చేపల వాసన కాఫీకి పడుతుంది.

ఓట్స్ బదులు ఇంట్లో ఉన్నదేదైనా?

పలుచటి అటుకులు మూడు టేబుల్ స్పూన్లు, కడిగి, పాలలో 5 నిమిషాలు నానబెడితే ఓట్స్ కన్నా నునుపుగా మెదుగుతాయి. ఓట్స్ జిగురు నచ్చనివాళ్ళకి ఇదే సరైనది. మందపు అటుకులకి 15 నిమిషాలు కావాలి.

రాగి పిండి పచ్చిది వేయకూడదు, పచ్చివాసన, గరుకు రెండూ మిగులుతాయి. ఒక టేబుల్ స్పూన్ పిండిని 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద 5, 6 నిమిషాలు ఉడికించి చల్లార్చండి. అది వేసినప్పుడు పాలు 100 మిల్లీలీటర్లకి తగ్గించండి. సబ్జా గింజలు వేయాలంటే ఒక టీస్పూన్ పావుగంట నీళ్ళలో నానబెట్టి, స్మూతీ గ్లాసులో పోశాక పైన కలపండి. మిక్సీలో వేయొద్దు.

ఏ పాలు? పెరుగు, కొబ్బరిపాలు వేయొచ్చా?

3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు సరిపోతాయి. 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలతో రుచి బాగుంటుంది గానీ మీగడ తీసి వేయాలి. చల్లటి మీగడ మిక్సీలో ఎక్కువసేపు తిరిగితే వెన్న విడిపోయి, పైన పసుపు రవ్వలుగా తేలుతుంది. గ్లాసు అంచుకి, పెదాలకి జిడ్డు అంటుకుంటే కారణం అదే.

పెరుగైతే తియ్యటిది, ఆ రోజు తోడుకున్నది, మూడు టేబుల్ స్పూన్ల వరకు. పాలు మానేసేవాళ్ళు చిక్కటి కొబ్బరిపాలు 50 మిల్లీలీటర్లు, నీళ్ళు 100 కలిపి వాడొచ్చు, బెల్లంతో చాలా బాగుంటుంది.

చక్కెర, బెల్లం, తేనె, ఏది మేలు?

పండిన అరటి, ఒక ఖర్జూరం ఉంటే ఏదీ అవసరం లేదు. వేయాలనుకుంటే బెల్లం తురుము ఒక టీస్పూన్ డికాక్షన్ వేడిగా ఉన్నప్పుడే అందులో కరిగించి వడకట్టుకోండి. బెల్లంలో ఇసుక పలుకులు ఉండటం మామూలే. తాటి బెల్లం కాఫీకి ఇంకా బాగా నప్పుతుంది.

చేదుగా వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఇంకో సగం అరటిపండు, చిటికెడు ఉప్పు వేసి 10 సెకన్లు తిప్పండి. చక్కెర కుమ్మరించొద్దు. అది చేదును కొంత కప్పినా, స్మూతీ మరీ తీపెక్కిపోతుంది. రోజూ చేదుగానే వస్తోందంటే మరుగుతున్న నీళ్ళు నేరుగా పోస్తున్నారా, డికాక్షన్ పాతదా, పొడి డబ్బా మూత వదులుగా ఉందా చూసుకోండి.

పలచగా ఉంది, లేదా మరీ ముద్దగా, జిగురుగా ఉంది?

పలచనైతే నాలుగైదు గడ్డకట్టిన అరటి ముక్కలు, లేకపోతే ఒక టేబుల్ స్పూన్ పుట్నాల పప్పు పొడి. ముద్దగా వచ్చిందంటే ఓట్స్ ఎక్కువైంది, లేదా చేసి చాలాసేపయ్యింది. ఓట్స్‌లోని పీచు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది, అరగంటలో స్మూతీ చెంచాతో తినేలా తయారవుతుంది. చల్లటి పాలు రెండు టేబుల్ స్పూన్లు పోసి కలపండి.

బ్లేడు తిరుగుతోంది గానీ లోపలిది కదలడం లేదు. ఒక్కోసారి మిక్సీ ఆగిపోతోంది.

బ్లేడు చుట్టూ గాలి చేరింది. స్విచ్ ఆపి, గరిటెతో పైది కిందికి తోసి, రెండు టేబుల్ స్పూన్ల పాలు పోసి మళ్ళీ పల్స్ ఇవ్వండి. తిరుగుతుండగా చెంచా పెట్టొద్దు.

హఠాత్తుగా ఆగిపోతే చాలావరకు ఓవర్‌లోడ్ స్విచ్ పడినట్టే. ప్లగ్ తీసి, జార్ దించి, కొన్ని నిమిషాలు మోటారు చల్లబడనిచ్చి, మిక్సీ అడుగునో వెనకనో ఉండే చిన్న ఎర్ర బటన్ నొక్కండి. ముక్కలు తగ్గించి మళ్ళీ వేయండి. కాలిన వాసన వస్తే ఇక నడపొద్దు.

జార్ ఎంపిక కూడా చూసుకోవాలి. ఒకరికి చేసినప్పుడు లీటరున్నర జార్‌లో సరుకు గోడలకి చిమ్మి బ్లేడుకి అందదు. చిన్న చట్నీ జార్‌లో అయితే మూత పక్కల నుంచి కారుతుంది. లీటరు మధ్య జార్ సరైనది. ఏ జార్ అయినా మూడింట రెండు వంతులకి మించి నింపొద్దు.

స్మూతీలో వెల్లుల్లి వాసన వస్తోంది!

జార్ బాగానే కడిగి ఉంటారు. వాసన మూత లోపలి రబ్బరు రింగులో ఉంటుంది. రింగును చెంచా తోకతో లేపి తీసి చూస్తే దాని గాడిలో పచ్చడి తాలూకు సన్నటి పొర కనిపిస్తుంది. రింగును, మూతను వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఎండలో ఆరబెట్టండి. వాసన వదలకపోతే కొత్త రింగు వేసుకోవడమే, మిక్సీ రిపేరు షాపుల్లో దొరుకుతుంది.

రాత్రే చేసి పెట్టుకోవచ్చా? ఆఫీసుకి తీసుకెళ్ళొచ్చా?

రాత్రే తిప్పి పెట్టొద్దు. అరటి గాలికి నల్లబడి, నీళ్ళు అడుక్కి దిగి, పొద్దునకి చూడబుద్ధి కాదు. కొలిచి పెట్టుకోవడం వరకు రాత్రి, తిప్పడం పొద్దున. ఆఫీసుకైతే స్టీలు ఫ్లాస్క్‌లో ముందు ఐసు నీళ్ళు పోసి 5 నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు స్మూతీ పోయండి. ఓట్స్ సగానికి తగ్గించండి. చల్లదనం పోయిన పాల పదార్థాన్ని రెండు గంటలకి మించి ఉంచకూడదు. ఎండాకాలం, బయట 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే గడువు.

ఇది ఒక్కటే టిఫిన్‌గా సరిపోతుందా?

పైన చెప్పిన కొలతకి సుమారు 300 కేలరీలు, 8, 9 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మధ్యాహ్నం దాకా ఆగాలంటే మాంసకృత్తులు పెంచాలి. వేయించి పొట్టు తీసిన పల్లీలు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు వేస్తే ఇంకో 4 గ్రాములు, పుట్నాలైతే 3 గ్రాములు కలుస్తాయి. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటి తింటే ఇంకా నయం. ఖాళీ కడుపున కాఫీ తాగితే మంట పుట్టేవాళ్ళు ముందు ఏదైనా నాలుగు ముద్దలు తిని, ఆ తర్వాత తాగాలి. అప్పటికీ మంట ఉంటే స్మూతీలో కాఫీ మానేయడమే మార్గం.

కెఫీన్ ఎంత ఉంటుంది? మాత్రలు వేసుకునేవాళ్ళు తాగొచ్చా?

2024లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించొద్దంటున్నాయి. వాటి ప్రకారం 150 మిల్లీలీటర్ల ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. మన చిక్కటి డికాక్షన్ 50 మిల్లీలీటర్లలో 100 దాటే అవకాశం ఉంది. రోబస్టా పొడిలో అరబికా కన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది కూడా. కాబట్టి స్మూతీ తాగిన రోజు పొద్దుటి కప్పు కాఫీ మానుకోవడం మంచిది. గర్భిణులకి యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పిన హద్దు రోజుకు 200 మిల్లీగ్రాములు. డాక్టరుని అడిగి తాగండి.

అవే మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దంటాయి. కాఫీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్నవాళ్ళు టిఫిన్‌గా దీన్ని రోజూ తాగొద్దని చెప్పడానికి కారణం ఇదే. ఐరన్ మాత్ర దీనితో కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీ, పాలు రెండూ ఆ మాత్రకి అడ్డు తగిలేవే.

పిల్లలకి ఇవ్వొచ్చా? షుగర్ ఉన్నవాళ్ళకి?

పిల్లలకి కాఫీ లేకుండా, అదే కొలతలో రాగి జావ వేసి ఇవ్వండి. షుగర్ ఉన్నవాళ్ళు అరటి సగానికి తగ్గించి, ఖర్జూరం, బెల్లం మానేసి, పల్లీలు కలుపుకోవచ్చు. మిక్సీలో మెదిగిన పండు, నమిలి తిన్న పండు కన్నా తొందరగా కడుపులోకి పోతుందని గుర్తుంచుకుని, మెల్లగా తాగాలి. తాగిన రెండు గంటలకి ఒకసారి చక్కెర చూసుకుంటే మీ ఒంటికి ఎంత పడుతుందో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్నాం, స్టీలు ఫిల్టర్ లేదు.

ఎస్‌ప్రెసో యంత్రం ఉంటే డబుల్ షాట్, సుమారు 60 మిల్లీలీటర్లు, చల్లార్చి పోయండి. కోల్డ్ బ్రూ కొనేటప్పుడు సీసా మీద కాన్సన్‌ట్రేట్ అని ఉందా చూడండి. నేరుగా తాగేందుకు కలిపి అమ్మేది పలచన, దాంతో స్మూతీ చప్పగా వస్తుంది. అక్కడి పొడవాటి బ్లెండర్లలో వేసే వరుస మిక్సీలా కాదు: ముందు ద్రవాలు, చివర గడ్డకట్టినవి, ఓట్స్ మధ్యలో.

కరెంటు పోయింది. చేసుకోవడం కుదురుతుందా?

ఫ్రీజర్‌లో పెట్టని అరటిపండును ఫోర్కుతో ఉండల్లేకుండా మెత్తగా మెదిపి, నానిన పలుచటి అటుకులు కలిపి, పాలు, డికాక్షన్ పోసి కవ్వంతో రెండు నిమిషాలు చిలకండి. మిక్సీ నునుపు రాదు, అక్కడక్కడ పలుకులు తగులుతాయి. ఖర్జూరం బదులు తేనె వేసుకోండి, ఖర్జూరం చేత్తో మెదగదు.